మాతృదినము: ఏకవచనమా, బహువచనమా?

సమాసములో జేరిన పదము తన విభక్తిని, వచనమును విడిచిపెట్టును. "మాతృదినము" అను మాటకు విగ్రహవాక్యము చెప్పుమని తరగతిలో నడిగినచో మాతయొక్క దినమని సగముమంది, మాతలయొక్క దినమని సగముమంది చెప్పుదురు. ఇరువాగులవారికిని మార్కులు వేయవలసినదే. ఆంగ్లములో నీ సందిగ్ధత లేదు. షష్ఠిని దెలుపు చిన్న కొమ్మువంటి గుర్తును చివరి యక్షరమునకు ముందుంచిన ఒక్క తల్లి, తరువాత నుంచిన పలువురు తల్లులు. ఆ గుర్తు ముందే యుండవలెనని ఒక యమెరికా స్త్రీ తన జీవితములో సగభాగము పోరాడెను. ఆమెను గన్న తల్లి మాత్రము బ్రదికినంతకాలము బహువచనమునకే పని చేసెను. మాతృదినము చరిత్రయంతయు ఈ రెండు వచనముల నడుమ నడచినది.

నేడు మే నెల రెండవ యాదివారము సమీపించుసరికి మన పట్టణములలోని దుకాణములయందును ఆ పండుగ పేర చీరలు, గడియారములు, మిఠాయి పెట్టెలు బారులు తీరుచున్నవి. ఉద్యోగములు చేయు పిల్లలు "అమ్మకు ఏమి కొనవలెను?" అని తమలో దాము తర్కించుకొనుచున్నారు. ఈ తర్కమును ఎగతాళి చేయువారు మనలో గలరు. పరదేశపు వేడుక మనకేలయని కొందఱు, తల్లికి ఏడాదిలో నొక్క దినమేనాయని కొందఱు. నాకీ యెగతాళి రుచింపదు. ఏడాదికొక్కనాడు తలచుట అసలు తలచకుండుటకంటె మేలుగదా. అయితే పిల్లలు వేసికొనుచున్న ప్రశ్న క్రొత్తది కాదు. ఈ పండుగను స్థాపించిన యామెయే దానిని పట్టుకొని వర్తకులతోను, ప్రభుత్వముతోను, తుదకు తల్లులతోను గూడ కలహించెను. ఆ కథ మన ఇండ్లలో తెలియవలసియున్నది.

దీనికి పూర్వము ఇంగ్లండులో నొక యాచారముండెను. ఈస్టరుకు ముందు వచ్చు ఉపవాసకాలములోని నాలుగవ యాదివారమును అచ్చట "మదరింగ్ సండే" అందురు. మొదట అది క్రైస్తవులు తమ మూలదేవాలయమును దర్శింపబోవు దినము. క్రమముగ కన్నతల్లిని జూడబోవు దినమైనది. పెద్దల యిండ్లలో పనికి గుదిరిన బాలికలకును, వృత్తులు నేర్చుకొనుటకు గురువులయొద్ద జేరిన బాలురకును ఆ దినమున సెలవిచ్చెడివారు. పిల్లలు నడచిపోవుచు దారిప్రక్కల వయొలెట్ పూలు కోసికొని తల్లికిచ్చెడివారు. సిమ్నెల్ అను ఒక విధమైన రొట్టెను గూడ కొనిపోవుచుండిరి. 17వ శతాబ్దపు కవి రాబర్ట్ హెరిక్, గ్లాస్టరు ప్రాంతమున తల్లికి సిమ్నెల్ కొనిపోవు వాడుకను తన పద్యములలో నొకదానియందు బేర్కొనియున్నాడు. ఇందు నాకు దోచునది యేమన, ఆ పూలకును రొట్టెకును వెలయేమియు లేదు, వెలగలది సెలవు. చిన్నతనముననే యిల్లు విడిచి పరుల పొయ్యి రాజేయు పిల్ల ఒక్క పూట తన యింట గూర్చుండుటయే ఆ తల్లికి గానుక. మన ఇండ్లలో అంట్లు తోము స్త్రీకి ఆమె తల్లిని జూచివచ్చుటకు మనమెన్ని దినములు సెలవిచ్చుచున్నామో ఈ సందర్భమున లెక్క చూచుకొనవచ్చును.

ఇక అమెరికా కథ. ఆన్ మరియా రీవ్స్ 1832లో వర్జీనియా రాష్ట్రమున నొక మెథడిస్టు మతబోధకుని యింట జన్మించెను. 1850లో గ్రాన్‌విల్ జార్విస్ అను నతనిని వివాహమాడి, పిదప వెబ్‌స్టర్ అను చిన్న యూరిలో గాపురము పెట్టెను. ఈ ప్రదేశమే 1863లో వేఱుపడి పశ్చిమ వర్జీనియా రాష్ట్రమైనది. ఆమెకు బదునొకండుగురు మొదలు పదుమువ్వురు వఱకు బిడ్డలు గలిగిరని చెప్పుదురు. వారిలో పెరిగి పెద్దలైనవారు నలుగురు మాత్రమే. తక్కినవారిని తట్టు, కంఠసర్పి, టైఫాయిడు మొదలైన వ్యాధులు గొనిపోయినవి. ఆ కొండసీమలో నిట్టి యిల్లు ఆమెది యొక్కటియే గాదు. పాలు కలుషితములు, నీరు కలుషితము, వైద్యుడు దూరము. బిడ్డపోయిన తల్లికి ఇరుగుపొరుగువారు చెప్పునది దైవేచ్ఛ యను నొక్క మాట. మన తాతమ్మల యిండ్లలోను ఈ మాటయే వినబడుచుండెను గనుక దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు.

ఆన్ రీవ్స్ ఆ మాటతో దృప్తిపడలేదు. 1858లో ఆమె వెబ్‌స్టర్, గ్రాఫ్టన్, ఫెటర్‌మన్, ప్రంటీటౌన్, ఫిలిప్పి అను ఐదు ఊళ్లలో తల్లులను గూర్చి సంఘములు పెట్టెను. వానికి "మదర్స్ డే వర్క్ క్లబ్బులు" అని పేరు. ఆమె సోదరుడు జేమ్స్ రీవ్స్ వైద్యుడు. టైఫాయిడు వ్యాపించిన చోట్ల పనిచేసి పేరు వడసినవాడు. ఆయన వచ్చి, రోగమెట్లు వచ్చునో, నీటిని పాలను ఎట్లు కాపాడవలెనో ఈ స్త్రీలకు బోధించెను. సంఘములోని స్త్రీలు చందాలు పోగుచేసి మందులు కొనిరి. పిల్లలకు బోయు పాలను, తినుబండారములను పరీక్షించిరి. ఏ యింటనైన తల్లి క్షయతో మంచము పట్టినచో, ఆ యింటి వంటకును పిల్లల పోషణకును సంఘము సొమ్ముతో నొక పనిమనిషిని కుదిర్చిరి. ఈ కడపటి యేర్పాటును చదువరులు మఱియొక సారి తలచుకొనవలెనని నా కోరిక. రోగియైన తల్లికి మందిచ్చుట యందఱికిని దోచును. ఆమె మంచముమీద పండుకొనియుండియు "పొయ్యిమీద ఎసరు మరుగుచున్నది, పిల్లవానికి నీళ్లు పోయలేదు" అని మథనపడకుండ జేయుట తల్లియైనవారికే తోచిన యుపాయము. కానుకలలో నింతకంటె ఆలోచనతో గూడినదానిని నేనెఱుగను.

1861లో అంతర్యుద్ధము వచ్చెను. ఆ సీమ ఉత్తర దక్షిణ పక్షముల సరిహద్దున నున్నది. అన్న యొక సేనలో, తమ్ముడు మఱియొక సేనలో జేరిన కుటుంబములు గలవు. తమ సంఘములు ఏ పక్షమునకును జెందవని ఆన్ రీవ్స్ ప్రకటించెను. శిబిరములలో టైఫాయిడు, తట్టు వ్యాపించినపుడు ఆ స్త్రీలు ఉభయపక్షముల సైనికులకును ఉపచారము చేసిరి. యుద్ధము 1865లో ముగిసినను పగలు ముగియలేదు. 1868లో ప్రంటీటౌన్ న్యాయస్థానముకడ ఆమె "తల్లుల స్నేహదినము" అని యొక సభ గూర్చి, రెండు పక్షముల సైనికులను కుటుంబములతో సహా రప్పించెను. కొట్లాట జరుగునని పలువురు భయపడిరి. జరుగలేదు.

సరిగా ఆ కాలముననే బోస్టనులో జూలియా వార్డ్ హో అను కవయిత్రి, 1870లో, లోకములోని స్త్రీలెల్ల యుద్ధమును మాన్పించుటకు గూడవలెనని యొక విజ్ఞప్తి ప్రకటించి, ఆ వెనుక జూన్ నెలలో తల్లుల శాంతిదినమును జరిపించెను. అది కొన్ని యేండ్లు నడచి నిలిచిపోయెను. ఈ యిద్దఱును బహువచనమునకు జెందినవారే.

ఆన్ రీవ్స్ కూతురు ఆనా జార్విస్ 1864 మే 1వ తేదీన వెబ్‌స్టర్‌లో జన్మించెను. ఉన్నతవిద్య చదువుకొన్నది, కొంతకాలము గ్రాఫ్టనులో ఉపాధ్యాయినిగా నుండెను. పిదప ఫిలడెల్ఫియాలో నొక జీవితభీమా సంఘమున ప్రకటనల విభాగములో సంపాదకురాలయ్యెను. స్త్రీల కట్టి యుద్యోగము ఆ కాలమున నరుదు. ఆమె వివాహము చేసికొనలేదు. తండ్రి 1902లో గతించిన పిదప తల్లి ఫిలడెల్ఫియాకు వచ్చి పిల్లలతో నుండి, 1905 మే 9వ తేదీన మరణించెను. తల్లులకొక స్మారకదినము ఎవరైన నేర్పఱుపకపోవుదురా యని తల్లి యొకప్పుడు ప్రార్థించుట తాను చిన్ననాట విన్నదాననని ఆనా చెప్పుచుండెను. తల్లి సమాధియొద్ద ఆ పనికి బూనుకొనెను.

1907 మేలో గ్రాఫ్టనులోని ఆండ్రూస్ మెథడిస్టు దేవాలయమున తల్లి స్మారకముగ ప్రార్థన జరిగెను. 1908 మే 10వ తేదీన అచ్చటనే మొదటి మాతృదినము జరిగినది. ఆనా తాను పోలేదు. 500 తెల్లని కార్నేషను పూలు పంపెను. ఆ పువ్వు తల్లికి మిక్కిలి ప్రియమైనది. వాడునపుడు రేకులు రాల్పక, వానిని లోపలికే హత్తుకొనుననియు, తల్లి ప్రేమయు నట్టిదే యనియు ఆమె చెప్పెడిది. ఆ మధ్యాహ్నమే ఫిలడెల్ఫియాలో జాన్ వానమేకర్ అను గొప్ప వర్తకుని దుకాణపు సభామందిరమున మఱియొక సభ జరిగెను. పండుగ పుట్టిన నాడే దుకాణములో నడుగు పెట్టినదన్నమాట! ఈ సంగతి ఆనాకు చాలకాలము కానరాలేదు.

ఇచ్చట నొక్క మాట. ఆమె తల్లి గడపటి మూడేండ్లును విధవ. ఆ దేశమున నెవ్వరును "విధవకు పూలేమి?" అని యడుగలేదు. మనదేశములో ఆ 1908లోనే, పూలు పెట్టుకొనుటకు గాదు, తాకుటకే సంకోచింపవలసిన తల్లులు అగ్రహారమగ్రహారమున నుండిరి. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరులో. అయినను ఇరువదియేడేండ్ల పిమ్మట గూడ కొడుకు తల్లికి పూలదండ తెచ్చుట మన సంఘమున ఊహకందని పని. నేటికిని శుభకార్యములలో నట్టి తల్లిని వెనుక గదిలో గూర్చుండబెట్టు ఇండ్లు లేకపోలేదు. అట్టి యింటివారు మే నెలలో దుకాణమునకు బోవుటకు ముందు ఆ గది తలుపు తెఱచిన జాలును.

ఆనా లేఖలు వ్రాయుటలో నలసట యెఱుగదు. గవర్నర్లకు, పత్రికలకు, మతబోధకులకు, శాసనసభ్యులకు వ్రాసెను. 1908లో సెనేటు సభలో నీ విషయమై తీర్మానము రాగా కొందఱు సభ్యులు నవ్వి దానిని ఉపసంఘమునకు బంపివేసిరి. 1910లో పశ్చిమ వర్జీనియా గవర్నరు మాతృదినమును ప్రకటించెను. తుదకు 1914 మేలో కాంగ్రెసు తీర్మానింపగా, మే 9వ తేదీన అధ్యక్షుడు విల్సన్ మే నెల రెండవ యాదివారమును మాతృదినముగ బ్రకటించెను. ఆ ప్రకటనయందు జెండాలెత్తుడని యున్నది. కానుకల మాట లేదు. పేరులో నేకవచనమే నిలిచినది, వాక్యములో మాత్రము దేశములోని తల్లులని బహువచనము వచ్చినది. శాసనములు వ్రాయువారు వ్యాకరణములోని రెండు పక్షములను దృప్తిపఱచిరి. ఆనా యుద్దేశము స్పష్టమే: ప్రతివాడును తన తల్లిని, లోకములో తనకందఱికంటె ఎక్కువ చేసిన ఆ యొక్క తల్లిని, ఆ దినమున దలచుకొనవలెను.

తరువాతి కథ వర్తకులది. మే నెల వచ్చుసరికి తెల్ల కార్నేషనుల వెల మిన్నంటెను. పూలు చాలకుండుటచే, తల్లి గతించినవారు తెల్లపూలు, తల్లి సజీవయైనవారు ఎఱ్ఱపూలు ధరింపవలెనని పూలవర్తకులు ప్రచారము చేసిరి. అచ్చుకార్డులవారు, మిఠాయివారు వెంబడించిరి. 1920 ప్రాంతమునుండి ఆనా వారిమీద యుద్ధము ప్రకటించెను. అచ్చుకార్డు పంపువాడు తల్లికి నాలుగు వాక్యములు స్వహస్తముతో వ్రాయుటకు బద్ధకించినవాడని ఆమె వాదము. మిఠాయి పెట్టె తెచ్చువాడు అమ్మకని తెచ్చి, మూత తీసి, అందు హెచ్చుభాగము తానే తినిపోవునని ఆమె యెత్తిపొడుపు.

కార్డును గుఱించి ఆమె చెప్పినది ముమ్మాటికి నిజము. పాఠశాలలో పిల్లలను అమ్మకు ఉత్తరము వ్రాయుమనుట నా వాడుక. "క్షేమము, క్షేమము" అను రెండు మాటలు దాటగానే కలములు నిలిచిపోవును. అమ్మకు తినుటకేది యిష్టము, ఏ పాట వచ్చును, పెండ్లికి ముందు ఏమి చదివెను, మోకాలు ఎప్పటినుండి నొచ్చుచున్నది? ఇట్టివి అడిగినచో వారు ఇంటికిబోయి తెలిసికొని రావలెను. ఆ తెలిసికొనుటయే ఉత్తరములో సగభాగము.

మిఠాయిని గుఱించిన యెత్తిపొడుపు మన ఇండ్లకు మఱింత బాగుగ నతుకును. కొడుకు మొదటి జీతముతో అమ్మకు చీర తెచ్చుట మన పాత మర్యాద, మంచి మర్యాద. కాని నేడు అమ్మ పేర యింటికి వచ్చు వస్తువులను జూడుడు: పిండి రుబ్బు యంత్రము, బట్టలుతుకు యంత్రము, అన్నము వండు పాత్ర. అవి వచ్చుటచే నామె శ్రమ తగ్గుట నిజమే, నేను గాదనను. కాని అవి ఇంటి సొత్తు. రుబ్బిన పిండితో నందఱును దోసెలు తిందురు. మన ధర్మశాస్త్రకారులు ఈ భేదమును ఎఱుగుదురు. మనువు చెప్పిన యాఱు విధముల స్త్రీధనములో పుట్టింటివారు మొదలైనవారిచ్చినవి గలవు గాని కొడుకు పేరు విడిగా గానరాదు. విష్ణుస్మృతి మాత్రము తండ్రి, తల్లి, సోదరులతోబాటు కొడుకు ఇచ్చినదానిని గూడ స్త్రీధనముగ లెక్కించినది. అనగా కొడుకు చేతినుండి తల్లి చేతిలో బడిన వస్తువు ఆమెది, ఇల్లంతటిది గాదు. ఆమె దానిని దాచుకొనవచ్చును, కూతురికీయవచ్చును, అమ్ముకొనవచ్చును. మూడు తరములుగ చేతులు మారిన నగను అవసరమనగానే అమ్మ మెడనుండి తీసి కుదువబెట్టి, మరల విడిపింపని కుటుంబములు నాకు దెలియును. అట్టివారు మే నెలలో క్రొత్త నగ కొనుటకంటె పాత నగ విడిపించుట న్యాయము.

ఆనా యుద్ధము రానురాను తీవ్రమయ్యెను. ఆ వానమేకర్ దుకాణపు ఫలహారశాలలోనే "మాతృదినపు సలాడు" అని యొక వంటకము అమ్మబడుచుండగా, ఆమె దానిని దెప్పించి, నేల మీద గ్రుమ్మరించి, సొమ్ము చెల్లించి వెడలిపోయెనని యొక కథ. 1925లో ఫిలడెల్ఫియాలో అమెరికా యుద్ధమాతల సంఘము సభ జరిగినది. వారు మొదటి ప్రపంచయుద్ధమునకు బిడ్డలను బంపిన తల్లులు. తమ సంఘము నిధికొఱకు కార్నేషనులమ్ముచుండిరి. ఆనా సభలో జొరబడి అల్లరి చేయగా పోలీసులు నిర్బంధించిరి, అభియోగము నిలువలేదు. 1934లో ప్రభుత్వము తల్లుల గౌరవార్థము మూడు సెంట్ల తపాలబిళ్ల వేసి, విస్లర్ చిత్రించిన తన తల్లి పటమును దానిపై ముద్రించి, మూల చిత్రములో లేని పూలకుండ నొకదానిని చేర్చెను. ఆమె దానిమీదను ధ్వజమెత్తెను.

ఇంతవఱకు నేనామె పక్షము. ఇక ముందు గాదు. ఆ కాలమున అమెరికాలో వేయి ప్రసవములకు ఆఱుగురికి తక్కువగాక తల్లులు మరణించుచుండిరి. 1912లో ఏర్పడిన శిశుసంక్షేమశాఖకు మొదటి యధ్యక్షురాలైన జూలియా లాత్రప్ మొదలగువారి కృషిచే 1921లో షెపర్డ్-టౌనర్ చట్టము వచ్చినది. గర్భిణులకును శిశువులకును వైద్యసలహా కేంద్రములు, దాదులకు శిక్షణము దీని ఫలములు. స్త్రీలకు వోటు వచ్చిన మరుసటి యేడే యిది వచ్చుట కాకతాళీయము గాదు. వైద్యుల సంఘము దీనిని వ్యతిరేకించెను. 1929లో కాంగ్రెసు సొమ్ము నిలిపివేయగా చట్టము కాలము దీరెను. పూలకు వెనుదీయని దేశము దాదులకు వెనుదీసెను! పిమ్మట 1930 దశాబ్దములో న్యూయార్కునందలి ప్రసూతి కేంద్ర సంఘమువారు మాతృదినమునే సాధనముగ జేసికొని, పూలు మిఠాయిలు చాలవు, ప్రసవమరణములు తగ్గింపుడని ప్రచారము సాగించిరి. పేద తల్లులకొఱకు ఆ దినమున చందాలెత్తిన ధర్మసంస్థలును గలవు. ఆనా వీరందఱిని వర్తకులతో గలిపి నిందించెను. తల్లిని దయకు పాత్రురాలిని జేయుట అవమానమని ఆమె తలచెను. అందు గొంత సత్యము లేకపోలేదు. దానము చేయువాని గర్వము మనకు తెలియనిది గాదు. కాని పాలను పరీక్షించి, రోగియైన పొరుగింటి తల్లికి వంటమనిషిని గుదిర్చిన ఆన్ రీవ్స్ బ్రదికియున్నచో ఎవరి పక్షమున నిలిచెడిదో సందేహింప బనిలేదు. కూతురు తల్లిని ప్రేమించినంతగా తల్లి పనిని ప్రేమింపలేదు.

మన లెక్క యేమి? 1946లో వెలువడిన భోర్ సంఘపు నివేదికలో, భారతదేశమున వేయి ప్రసవములకు సుమారు 20 మంది తల్లులు మరణించుచున్నారనియు, ఏటేట రెండు లక్షలమంది యిట్లు పోవుచున్నారనియు నున్నది. 2018-20 లెక్కలలో దేశమున లక్షకు 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. ఈ భేదమును దెచ్చినది దాది, ఆసుపత్రి, రక్తనిధి, రోడ్డు, చదువుకొన్న ఆడపిల్ల.

ఆనా జార్విస్ తన సొత్తునంతయు నీ పోరాటములలో ఖర్చుపెట్టెను. ఈ పండుగనే రద్దుచేయవలెనని తుదిదినములలో నామె సంతకములు సేకరింప బూనినది. చూపు మందగించి, వినికిడి తగ్గి, వెస్ట్‌చెస్టర్‌లోని యొక వైద్యశాలలో 1948 నవంబరు 24వ తేదీన మరణించెను. అచ్చటి ఖర్చులు భరించినవారిలో పూలవర్తకులును గలరని ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆమెను తల్లి ప్రక్కనే పాతిపెట్టిరి. ఆ 500 పూలు చేరిన గ్రాఫ్టను దేవాలయము నేటికిని ఉన్నది; 1992లో దానిని జాతీయ చారిత్రక స్థలముగ బ్రకటించిరి. ఆన్ రీవ్స్ ఊరి పిల్లలకు ఆదివారపు పాఠములు చెప్పినదియు నచ్చటనే.